మెరిసే బిళ్ళ

ఆ ఆదివారం పొద్దున దీపం పెట్టి, తమ్ముడు వాసు కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందని కొనుక్కున్న మౌంటెన్ బైకుకు పూజ చేశాను. కుంకుమ నిలవాలని నువ్వుల నూనెతో తడిపి, చక్రం మధ్య మెరిసే ఉక్కు బిళ్ళకు బొట్లు పెట్టాను.

"సైకిలే అక్కా, లారీకి చేసినట్టు చేస్తున్నావు!" అని నవ్వుతూ, మౌలాలి గుట్ట బాటలో తొలిసారి తొక్కడానికి వెళ్ళాడు.

దిగుడులో బ్రేకు పట్టక పడ్డాడు. భుజం విరిగింది.

సైకిలు తెచ్చిన స్నేహితుడు కిషన్ గుమ్మంలోనే అడిగాడు.

"అక్కా, గీ బ్రేకు బిళ్ళకు నూనె ఎవరు పూసిన్రు? చుక్క తగిలినా బ్రేకు పట్టదు."

బిళ్ళ మీద నేను పెట్టిన కుంకుమ ఇంకా అంటుకునే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లోవాళ్ళు, నా పూజే వాసును బతికించిందని తేల్చారు. ఇకమీదట ఏ బండి గుమ్మం దాటాలన్నా నా చేత్తోనే బొట్టు పెట్టించాలని నిర్ణయించారు.