గేటు తాడు

"ఒక్కసారి లోపలికొచ్చి చూడండి డాక్టరమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా!" మగ్దలీనమ్మ తన పశువుల కొట్టం గేటుకు కట్టిన తాడు విప్పేస్తూ అంది.

పశువుల డాక్టర్ వినీల కదల్లేదు. ఆమె వెనక ఆగిన బస్సులో, నెల్లూరు సదస్సుకని దేశదేశాల నుంచి వచ్చి, ఇక్కడి కొట్టాలు చూడ్డానికి బయల్దేరిన పాడిరైతులున్నారు. కొట్టంలో ఆవులు చొంగ కారుస్తూ, గడ్డి ముట్టకుండా నిలబడి ఉన్నాయి.

"గాలికుంటు జబ్బు! పొద్దున ఫోన్లో అంతా బాగుందన్నారే అక్కా?"

"నిజం చెప్పుంటే బస్సు ఇటు తిప్పుతారా? ఉండే డాక్టర్లందరూ ఆ బస్సుల్లోనే తిరగతా ఉండారు. నేనెవురికి చెప్పుకునేది? పెయ్యదూడ నిన్నటి నుంచి నీళ్లు గూడా తాగలా. చచ్చిపోతాదమ్మా!"

వినీల పెయ్య వైపు చూసింది. మనసాగక బ్యాగు తీసుకుని అడుగు ముందుకేసింది.

బస్సు మెట్ల మీది నుంచి ఒక ముసలి విదేశీ రైతు, ఆమె బూట్లు చూపిస్తూ ఇంగ్లీషులో ఏదో అడిగాడు. వినీల ఆగిపోయింది.

"ఏమంటాడు?"

"ఈ జబ్బు బూట్లకంటుకుని కూడా పోతుంది కదా, తర్వాతి కొట్టంలో ఎన్ని ఆవులున్నాయి అంటున్నాడు."

"తర్వాత ఎవురింటికి?"

వినీల తలెత్తలేదు. "మీ చెల్లెలు అబిగయీలు ఇంటికే."

లోపల పెయ్య మూలిగింది. మగ్దలీనమ్మ అటు తిరగలేదు. వినీలను చేత్తో అడ్డుకుని గేటు మూసింది. విప్పిన తాడునే మళ్లీ గట్టిగా ముడేసింది.

"అందరి కొట్టాలూ చూసినాకనే నా కాడికి రండి. ఈ ఆదివారం చర్చికి నన్ను పిలిచేదానికి రావద్దని అబిగయీలుకు చెప్పండి."