మళ్ళీ రమ్మనే ఇల్లు

“ఇల్లు చూసినావా అప్పా? ముందు అది చెప్పు,” అంది సుగుణమ్మ, చేటలో కందిబేడల మీంచి తల ఎత్తకుండానే.

“బయట్నుంచి చూసినానమ్మా. బీగమేసిండారు గదా,” అన్నాడు చెన్నప్ప. పొద్దున మొదటి బస్సుకే పెనుకొండ నుంచి ధర్మవరం వచ్చాడు. యాభై దాటిన మనిషి. చెప్పులు గేటు అవతలే విడిచి వచ్చిన తీరు ఆవిడకు నచ్చింది.

పెనుకొండలోని ఆ ఇంటికి సుగుణమ్మ పద్దెనిమిదేళ్ళప్పుడు కోడలిగా వెళ్ళింది. మిద్దె ఎక్కితే కొండ మీది కోటగోడ కనిపించేది. అత్తగారు యశోదమ్మ ఉన్నన్నాళ్ళూ ముందరి అరుగు ఖాళీగా ఉండేది కాదు. పనుల మీద ఊళ్ళోకి వచ్చిన పల్లెజనం బస్సు వేళ దాకా అక్కడే కూర్చునేవారు. ఆవిడ ఎవరని కూడా అడక్కుండా మజ్జిగ పోసి, వెళ్ళేటప్పుడు “మళ్ళ రాండప్పా” అనేది. ఆ మజ్జిగ చిలికి చిలికి కోడలి భుజాలు పడిపోయేవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ నొప్పి కూడా తియ్యగానే ఉంది.

పట్టుచీరల అంగడి పెట్టుకుని ధర్మవరం వచ్చేశాక ఆ ఇంటికి తాళం పడింది. దాన్ని కొట్టేసి షాపులు కడతానని కొడుకు సురేంద్ర కూర్చున్నాడు. ఈ నెలలోగా మంచి మనుషులు బాడిగకు దొరికితేనే ఆగుతాడట. అందుకే ఈ పరీక్ష.

“ఇప్పుడుండే ఇల్లు ఎందుకు విడుస్తాండారు?”

“ఇంటాయప్ప కూతురికి కావల్లంటమ్మా. పన్నెండేండ్లుంటిమి. ఎనక పెరట్లో ఏపసెట్టు నేను నాటిందే.”

అతనికి సగం మార్కులు అక్కడే పడ్డాయి.

“సొంతానికి కట్టుకోకూడదా?”

“జాగా ఉండాదమ్మా. ముగ్గు గూడా పోసిరి. పైనోళ్ళు దుడ్లు పంపితే గదా! ఇప్పుడాడ ముండ్లకంప మొలిచింది.”

పైనోళ్ళంటే అన్నలు కాబోలు, చెయ్యిచ్చారన్నమాట, అనుకుంది సుగుణమ్మ. అలాంటి అన్నలు ఆవిడకూ ఇద్దరున్నారు.

“ఎంతమంది ఉంటారు?”

“ఏడుమందిమమ్మా. నేనొచ్చి...”

“మాంసం వండుతారా?”

“వంట పెద్దగా ల్యాదమ్మా. టీలే జాస్తి.”

“కొట్లాటలు?”

“మాలో మాకు ల్యావు. మా పెద్దాయన శానా నెమ్మది, పగలే కునుకు తీస్తాంటాడు. వచ్చినోళ్ళే ఒగోసారి గట్టిగా అరుస్తారు.”

సుగుణమ్మ చేట పక్కన పెట్టింది. “వచ్చేపోయేవాళ్ళు ఎక్కువా?”

చెన్నప్ప ముఖం చిన్నబోయింది. ఈ ప్రశ్న దగ్గరే ఇంతకుముందు ఇళ్ళు చేజారినట్టున్నాయి.

“అబద్ధం చెప్పనమ్మా. దినామూ వస్తారు. రొద్దం పక్క పల్లెల నుంచి గూడా వస్తారు, సంకలో పిల్లోళ్ళనేసుకోని. అరుగు నిండిపోతాది.”

“అంతా కొత్తవాళ్ళేనా?”

“పదేండ్ల నుంచి వచ్చేటోళ్ళూ ఉండారు. కదిరమ్మని ఒగ ముసిలామె ఉండాది. ఆమె రాకుంటే నాకే ఎట్లనో ఉంటాది.”

“వాళ్ళను మీవాళ్ళు ఏమంటారప్పా?”

“ఏమంటారమ్మా. కూకోమంటారు. నేను నీళ్ళిస్తా. పొద్దుగూకినాక పంపిస్తారు, మళ్ళ రమ్మని.”

సుగుణమ్మ కళ్ళు చెమర్చాయి. వీధి తలుపు మూసుకుని టీవీ చూసే ఈ కాలంలో, పదేళ్ళుగా అవే ముఖాలు వస్తున్నా మళ్ళీ రమ్మనే ఇల్లు ఇంకా ఒకటుందన్నమాట!

లోపలికి వెళ్ళి తాళంచెవుల గుత్తి తెచ్చింది.

“మీవాళ్ళు అచ్చం మా అత్త మాదిరి ఉండారు. అడ్వాన్సు సంగతి మెల్లగా చూద్దాం. అరుగు మాత్రం బోసిపోగూడదు, చెప్తాండా.”

“దానికేం కొదవ ల్యాదమ్మా,” అన్నాడు చెన్నప్ప గుత్తిని కళ్ళకద్దుకుంటూ.

అతను గేటు దాకా వెళ్ళాక ఆవిడకు తట్టింది.

“అవునూ, అసలు సంగతి అడగనే లేదు! మీవాళ్ళంతా ఏం పని చేస్తారప్పా?”

“ఇండ్లు ల్యానోళ్ళకు ఇండ్లిచ్చే గవర్నమెంటు ఆఫీసమ్మా మాది.”