పండ్రాకి అర్థం

“త్వరగా నడవమ్మా! ముందు వరస దొరక్కపోతే నా ప్రాణం పోతుంది!”

మల్లిక తల్లి చెయ్యి పట్టుకుని లాక్కుపోతోంది. తను సల్మానియా ఆసుపత్రిలో నర్సు. సూదులకీ రక్తానికీ చలించని మనిషి ఇవాళ పొద్దుట్నుంచీ నేల మీద నిలవడం లేదు. జర్మనీ బృందం ‘ఫుంకెల్’కి ఇదే ఆఖరి కచేరీ. అదీ తామున్న బహ్రెయిన్‌లో!

“నిదానవే తల్లీ! నిన్నొక్కదాన్నీ పంపలేక వచ్చాగానీ, ఆ డబడబలు నాకెందుకే?” అంది సత్యదుర్గ. వయసులో ఉండగా ఇక్కడే హూరా పేట హోటళ్ళలో గదులు తుడిచి కూతుర్ని చదివించిన మనిషి. గోదావరి గొంతు ఆవిడది. ఈ ఒడ్డున కేకేస్తే ఆ ఒడ్డున పడవ కదలకూడదు. ఆవిడకి భయపడే మల్లిక ఇంట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటుంది.

“చెవుల్లో దూది పెట్టుకో. ‘పండ్రా’ పాట వినేసి వెళ్ళిపోదాం.”

“పండ్రా ఏవిటే?”

“ఒక ఆడగొంతు ‘పండ్రా... ఆ! పండ్రా... ఆ!’ అని తిరుగుతూనే ఉంటుందమ్మా. ఆ ఒక్క పాటకే లోకమంతా గెంతింది.”

“పళ్ళమ్ముకుంటున్నారా ఏంటే?”

వేదిక మీద దీపాలు వెలిగాయి. ముగ్గురూ వచ్చారు. “కుర్రాళ్ళన్నావు, జుట్టు నెరిసిపోయింది గదే!” అంటూ సత్యదుర్గ చెవుల్లో దూది కుక్కుకుంది.

పాట వెనక పాట. మల్లిక ఒళ్ళు మరిచి గెంతింది. చివరికి నాయకుడు యోర్గ్ మైకు అందుకున్నాడు.

“మేం అనామకులుగా ఉన్నప్పుడు ఇక్కడే, హూరాలో ఒక హోటల్ గదిలో సాధన చేసేవాళ్ళం. మా పాట విన్నవాడు లేడు. విడిపోదామనుకున్నాం. కానీ రోజూ తలుపవతల నుంచి ఒకావిడ కేకేసి హుషారు చేసేది. ఆ కేకనే రికార్డు చేసి పాటలో తిప్పాం. ఏ భాషో తెలీదు. ‘కానివ్వండి, మీకు తిరుగులేదు’ అందనే నమ్మాం. పాతికేళ్ళూ ఆ దీవెన మీదే బతికాం. ఆవిడ ఇక్కడుంటే ఒక్కసారి అలా కేకెయ్యాలి. అప్పుడే ‘పండ్రా’. లేదంటే ఇక ఎప్పటికీ లేదు.”

ఎవరెవరో ఆడవాళ్ళు వేదికెక్కి మైకులో అరిచి చూశారు. యోర్గ్ ప్రతిసారీ తల అడ్డంగా ఊపాడు. ఆఖరికి కళ్ళు తుడుచుకుని, వీడ్కోలు డ్రమ్ములు మొదలెట్టమని సైగ చేశాడు.

“అయిపోయిందమ్మా! ఇక ఆ పాట లేదు!” మల్లిక ఏడ్చేసింది.

దూది అడ్డుగా ఉన్న తల్లికి యోర్గ్ మాటలూ వినబడలేదు, కూతురి ఏడుపూ వినబడలేదు. కానీ ఆ డ్రమ్ముల మోతకి దూది ఒక లెక్కా? కుర్చీలు అదిరాయి. సత్యదుర్గకి తల దిమ్మెక్కింది. దూది పీకి పారేసి, కొంగు నడుముకి బిగించి, కుర్చీ ఎక్కి, వేదిక వైపు చెయ్యి చాచి గొంతెత్తింది.

“ఒరేయ్, ఆపండ్రా!”