దొడ్డిగుమ్మం మామ్మ

దొడ్డిగుమ్మం దగ్గర ముంత పెట్టి, మామ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

సైనిక దళానికి వండిపెట్టే గరిటె మాస్టారు ముంత మీది గుడ్డ ఎత్తాడు. ఎత్తినంత వేగంగానూ దించేశాడు.

“ఏముంది మాస్టారూ?” అన్నాడు ఉల్లిపాయలు తరుగుతున్న జవాను. నోరు విప్పితే వెటకారమే కాబట్టి దళమంతా అతన్ని వెటకారం అనే పిలిచేది.

“తెల్లగా ఉందిరా. నురగ కక్కుతోంది. తడిసిన మేజోళ్ల కంపు.”

“పులిసిందేమో!”

“పులిసిందా? పులినే పిండినట్టుంది!”

మామ్మకి వీళ్ల భాష రాదు, వీళ్లకి మామ్మ భాష రాదు. రెండూ వచ్చిన దుబాసీ ఎప్పుడూ కెప్టెన్ గారి వెనకాల ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాడు.

పరాయి దేశానికి కాపలాకి వచ్చిన ఆ దళం దిగింది ఒక పాత పెద్ద ఇంట్లో. మేడ మీద కెప్టెన్ గారు, హాల్లో జవాన్ల మంచాలు, వంటింట్లో గరిటె మాస్టారు. పెరటి కొట్టంలో గడ్డి మీద పడుకునే ఈ మామ్మ ఎవరో జవాన్లెవరికీ తెలియదు. గూడులేక దూరిందనుకున్నారు, పోనీలే అనుకున్నారు.

కానీ వంటింటి రూలు రూలే. బయటి మనిషి గడప దాటకూడదు. బయటి తిండి జవాను నోటికి చేరకూడదు.

“నా వంట తిని ఒక్కడు కడుపునొప్పని పడుకోలేదు. నేనుండగా పడుకోడు!” అని మాస్టారు ముంతెడూ తూములో వంపేశాడు.

మామ్మ తూము వంక చూసింది. ఖాళీ ముంత తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నల్లటి రొట్టె తెచ్చింది.

“రొట్టె అంటారా, రోకలిబండ అంటారా?” అన్నాడు వెటకారం, బల్ల మీద దాంతో తాళం వేస్తూ.

ఆ మర్నాడు జిగురుగా ఊగే చేప ముద్ద తెచ్చింది. దాని కళ్లు ఇంకా దానికే ఉన్నాయి.

“ఇది కూర కాదురా, క్రూర!”

ఎన్నిసార్లు పారబోసినా ఆవిడ మానలేదు. తెచ్చేది ఘటం, తెచ్చే మనిషి మొండిఘటం.

ఒకరోజు ఏకంగా లోపలికే వచ్చింది. పొగతో ఉక్కిరిబిక్కిరవుతున్న మాస్టారుని పక్కకి జరగమని, పొయ్యి వెనక పొగగొట్టం గోడలోంచి ఏదో ఇనప చువ్వ లాగబోయింది.

“ఏయ్! నా పొయ్యి ముట్టుకోకు! బయటికి, బయటికి నడు!”

మామ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గడప అవతలికి వెళ్లి నిలబడింది.

“చూశావురా? చువ్వ కూడా వదలదు!” అన్నాడు మాస్టారు, పొగకి కళ్లు తుడుచుకుంటూ.

అంతలో మంచు మొదలైంది. కొండదారి మూసుకుపోయింది. దుబాసీతో సహా సరుకుల లారీ ఎక్కడో కింద ఆగిపోయింది.

డబ్బాలు అయిపోయాయి. పిండి అయిపోయింది. పొయ్యి మీద నీళ్లు కుతకుతలాడుతున్నాయి, అందులో వేయడానికి మాత్రం ఏమీ లేదు.

కెప్టెన్ గారు వంటింట్లోకి వచ్చారు. “మాస్టారూ, దారి మనమే తవ్వుకోవాలి. పార పట్టాలంటే వీళ్ల ఒంట్లో ఏదో ఒకటి పడాలి.”

“పడుతుంది సార్. నేను బతికుండగా ఖాళీ పళ్లెం పెట్టను.”

అనేశాడు గాని, ఏం పెట్టాలో తెలియదు.

అప్పుడు మోకాలి లోతు మంచులో మామ్మ వచ్చింది. చేతిలో ముంత, వీపున రొట్టెలూ చేపలూ ఉన్న సంచి.

మాస్టారు ఆవిడని చూశాడు. హాల్లో పారలు పట్టుకుని కూర్చున్న వాళ్లని చూశాడు. ముంత అందుకుని అందరి ముందుకీ వచ్చాడు.

“ముందు నేను తాగుతా. పడిపోతే పారబోయండి. పడకపోతే వడ్డించండి.”

“మాస్టారూ, జావో చావో తేలకుండా...” అన్నాడు వెటకారం.

“నోరుమూసుకుని చూడు!”

గటగటా నాలుగు గుక్కలు తాగాడు. మొహం నిమ్మతొక్కలా ముడుచుకుపోయింది. కళ్లు రెండూ మూసుకున్నాయి. ఒక కన్ను తెరుచుకుంది.

రెండో కన్ను తెరుచుకుంది. “గ్లాసులు పట్రండిరా!”

ఆ పూట రోకలిబండలు నురగలో నానాయి. చేప కళ్ల ముందు కళ్లు మూసుకుని చేప తిన్నారు. పారలు లేచాయి.

దారి తెరిచేదాకా మామ్మ రోజూ తెచ్చింది. ఎక్కడినించి తెస్తోందో అడుగుదామంటే భాష రాలేదు. అడక్కుండా తింటుంటే సిగ్గూ రాలేదు. మాస్టారు మాత్రం ముంత గడప అవతలే అందుకున్నాడు. రూలు రూలే.

దారి తెరుచుకున్నాక, బయల్దేరమని పైనుంచి ఆర్డరొచ్చింది.

“ఇంటిగలావిడ వస్తుంది. తాళాలు ఇచ్చి, మనందరి తరఫునా ఒక దండం పెట్టిరా,” అన్నారు కెప్టెన్ గారు.

మాస్టారు ఇల్లంతా కడిగించాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని వీధిగుమ్మంలో నిటారుగా నిలబడ్డాడు.

మామ్మ మెట్లెక్కి వచ్చింది. చంకలో ముంత. రెండో చెయ్యి ముందుకి చాపింది.

“అబ్బ, ఇప్పుడా మామ్మా! ఇంటిగలావిడ వచ్చే వేళ! గొప్పింటి మనిషి ముందు నువ్వూ, నీ ముంతా... అటు వెళ్లు తల్లీ, దొడ్డివైపు, దొడ్డివైపు!”

మామ్మ అతని వేలు చూపించిన వైపు చూసింది. తలూపి, మెట్లు దిగి, ఇల్లు చుట్టుకుని వెళ్లింది.

లారీ హారన్ మీద హారన్ కొట్టింది. ఎవరూ రాలేదు. చేసేది లేక మాస్టారు తాళాల గుత్తి తలుపుకి తగిలించి, పరిగెత్తి ఎక్కేశాడు.

లారీ మలుపు తిరిగింది. ఇల్లు కనపడటం మానేసింది.

“ఆవిడకి దండం పెట్టారా?” అన్నాడు, ఇందాకటి నుంచీ లారీలోంచి వీధిగుమ్మం వైపే చూస్తూ కూర్చున్న దుబాసీ.

“ఎక్కడండీ, ఇంటిగలావిడ రానేలేదు!”

“రాకపోవడమేమిటి మాస్టారూ, మన కోసం ఇల్లు ఖాళీ చేసి కొట్టంలో పడుకున్న ఆవిడకేగా, ఇందాక మీరు దొడ్డిదారి చూపించారు!”