ముందు మీరెళ్ళండి

“ఆ చోటు నాది. ఇవ్వనంటే ఇవ్వను,” అంది సత్యవతమ్మ.

వరద నీళ్ళు చర్చి మెట్లదాకా వచ్చి ఆగాయి. లోపల బల్ల మీద సువార్తమ్మ శవం నిన్నటినుంచీ ఉంది. సమాధుల తోటంతా మునిగిపోయింది. మెరక మీద యాకోబు సమాధీ, దాని పక్కన ఆరడుగుల చోటూ మాత్రం పొడిగా మిగిలాయి. ఆ చోటు యాకోబు భార్య సత్యవతమ్మకని సంఘం పుస్తకంలో ఎప్పుడో రాసిపెట్టారు.

“రెండో రోజండీ పిన్నిగారూ. ఇంక ఉంచలేమండి,” అన్నాడు సంఘపెద్ద జీవన్ మాస్టారు. “రాజోలు గట్టు మీదికి తీసుకెళ్దామంటే, పడవలు బతికున్నవాళ్ళకే చాలట్లేదు.”

“చచ్చేక ఆయన పక్కన ఆవిడా మాస్టారూ?”

ఆ పాత సంగతి ఆ గోదావరి లంకలో తెలియనివాళ్ళు లేరు. నలభై రెండేళ్ళ కిందట ఇదే చర్చిలో యాకోబుకీ సువార్తకీ పెళ్ళని, అభ్యంతరాలుంటే చెప్పమని రెండు వారాలు ప్రకటన చదివారు. మూడో వారం కానుకల సంచిలో పేరులేని చీటీ ఒకటి పడింది, పిల్లకి మూర్ఛరోగం ఉందని. పెళ్ళి ఆగిపోయింది. మరుసటి ఏడు యాకోబు సత్యవతిని చేసుకున్నాడు. మూర్ఛ ఒక్కసారీ రాకపోయినా, సువార్తని ఇంకెవరూ చేసుకోలేదు.

పాస్టరుగారు గొంతు తగ్గించారు. “అమ్మా, మొన్న ఆదివారం ఏం చెప్పుకున్నాం? ఎదటివాళ్ళని మనకంటే ముందు నిలబెట్టమని...”

“ఆయ్, విన్నానండి. ముందు వరసలోనే కూచున్నాను.”

శవం తలవైపునుంచి సువార్తమ్మ మేనకోడలు స్టెల్లా లేచి వచ్చింది.

“బలవంతం చెయ్యకండయ్యగారూ. మా అత్తే ఉంటే వద్దనేది.” చేతిలో ఉన్న పాత బైబిలు తెరిచింది. “ఇదిగోండి, ఆ చీటీ. అప్పటి అయ్యగారు అత్త చేతికే ఇచ్చేసేరట. ఎవరు రాసేరో ఆఖరిదాకా తెలీలేదు. ‘రాసినవాళ్ళు లోపల ఎంత నలిగిపోతున్నారో’ అని రోజూ వాళ్ళకోసం ప్రార్థన చేసేదండి.”

పచ్చబడిన కాగితం. ఎడమకి ఒరిగి, ఒకదాని మీద ఒకటి పడిపోతున్న అక్షరాలు. సత్యవతమ్మ చూపు తిప్పుకుంది.

నెలనెలా ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె తీసుకోడానికి వెళ్ళేటప్పుడు వరసలో ఇద్దరూ ఎదురైతే, సువార్తమ్మ కొంగు తలమీదికి లాక్కుని పక్కకి జరిగేది. “ముందు మీరెళ్ళండి వదినా.” ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తను ముందు నడవలేదు. ఆ పూట సత్యవతమ్మకి రొట్టె గొంతు దిగేది కాదు.

ఆమె లేచి శవం దగ్గరికి వెళ్ళింది. జారిన దుప్పటి సర్దింది.

“ఈసారి ముందు నువ్వెళ్ళు,” అంది. తరవాత మాస్టారివైపు తిరిగింది. “అక్కడే పెట్టండి.”

ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. “తగ్గించుకోడమంటే ఇదీ!” అన్నారు పాస్టరుగారు.

“ఆ మాట అనకండయ్యగారూ. మీకు దణ్ణం పెడతాను.”

“రేపు మీవాళ్ళెవరూ అడక్కుండా ఓ ముక్క రాసుకుంటానండి,” అంటూ మాస్టారు ఇంకు ప్యాడ్ తెరిచి ముందు పెట్టాడు. “మీరు వేలిముద్ర వేస్తే చాలు.”

సత్యవతమ్మది ఎప్పుడూ వేలిముద్రే. పెళ్ళినాడు చర్చి పుస్తకంలోనూ అదే, రేషను కార్డు మీదా అదే. ఆమె బడి మొహం చూడలేదని అందరికీ తెలుసు.

బొటనవేలు ప్యాడ్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

“పెన్నివ్వండి మాస్టారూ.”

“పెన్ను మీకెందుకండీ?” నవ్వాడాయన.

“పాటల పుస్తకం చూసి నేర్చుకున్నానండి. పెళ్ళి కాకముందే.”

ఆ చోటు ఇస్తున్నానని రెండు వరసలు రాసింది. కాగితం మాస్టారికి ఇవ్వలేదు. స్టెల్లా చేతిలో పెట్టి, తల వంచుకు నిలబడింది.

“నువ్వు చూడమ్మా.”

ఆ కాగితం మీద అక్షరాలన్నీ ఎడమకి ఒరిగి, ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి.