చుక్క పోయిన పేరు

"తలుపు పక్క మీటల మీద మీ పేరు కొట్టండి, ఇల్హాన్ గారూ," అంది ఇన్జి, చేతులు చంకల్లో దాచుకుని.

ఇజ్మీర్ చేపల గోదాంలో, తెరిచి ఉన్న చలిగది తలుపు ఇద్దరూ లోపలికి రాగానే వెనక మూసుకుపోయింది. పేరు కొడితే తలుపు తెరిచి హాజరు వేసే ప్రోగ్రాం రాసింది ఇల్హానే, కానీ తలుపు వాడటం ఇదే మొదటిసారి. ఇక్కడ పనిచేసే ఇన్జి గైర్హాజరు సంగతి తేల్చడానికి వచ్చాడు.

పేరు కొట్టాడు. ఎర్రదీపం. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎరుపే.

"తలుపు నా పేరు తీసుకోవట్లేదంటే, సరిగ్గా కొట్టడం నేర్చుకోమన్నారుగా నన్ను," అంది ఇన్జి.

అప్పుడు వెలిగింది అతనికి. పేరును పెద్దక్షరాల్లోకి మార్చేటప్పుడు, టర్కీ పెద్ద 'İ' మీద ఉండాల్సిన చుక్కను ప్రోగ్రాం పోగొడుతోంది; దాంతో పేరు జాబితాలోని పేరుతో కలవడం లేదు. ఇద్దరి పేర్లకూ మొదటి అక్షరం అదే.

"మరి రోజూ ఎలా వచ్చిపోతున్నావు?"

"చెబితే ఉద్యోగం పోతుంది."

"చెప్పకపోతే ఇద్దరం పోతాం."

ఆమె 'సెరాప్' అని కొట్టింది. తలుపు తెరుచుకుంది.

"నా పక్కన పనిచేసే పిల్ల పేరు. దాన్నేం అనకండి."

బయటికి రాగానే మేనేజరు ఫోన్ చేశాడు. "ఏం తేలింది? ఎన్నాళ్లు ఎగ్గొట్టింది?"

ఇన్జి తల దించుకుంది.

"ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు," అన్నాడు ఇల్హాన్. "రోజూ వచ్చింది. నా ప్రోగ్రామే ఆమెను లెక్కలోకి రానివ్వలేదు."