చంగ్‌బేకి ఒక సిగరెట్

"మీరే వెలిగించాలి పెదనాన్నా. నాన్న మీ చేతి సిగరెట్టే తీసుకుంటారు."

హేవొన్ సిగరెట్ పెట్టె చాపింది. మన్‌సిక్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నేను మానేశాను కదమ్మా," అంటూ మెడలో వేలాడుతున్న వేప్ అనే ఈ-సిగరెట్టు చూపించాడు. "ఇప్పుడు నాకిదే."

"దాన్ని సమాధి మీద పెట్టలేం కదా," అంది హేవొన్. నవ్వలేదు.

పొద్దున్నుంచీ ఆ పిల్ల అంతే. ఛూసక్ పండుగ ముందు సమాధి మీద గడ్డి కోయడానికి ముగ్గురూ కోజె దీవిలోని ఈ కొండెక్కారు. చంగ్‌బే భార్య ఓక్‌హీ కబుర్లు చెబుతూనే ఉంది. కూతురు మాత్రం చేతులకు తొడుగులు వేసుకుని, గడ్డి ఏరుతూ, మధ్యమధ్యలో తలెత్తి మన్‌సిక్‌నే చూస్తోంది. కింద సముద్రం నల్లబడుతోంది. వాన వచ్చేలా ఉంది. మన్‌సిక్‌కి ఎప్పుడెప్పుడు కొండ దిగిపోదామా అని ఉంది.

ముప్పై ఏళ్ళపాటు రోజుకి రెండు పెట్టెలు ఊదేసిన మనిషాయన. భార్య నెత్తీనోరూ కొట్టుకున్నా చలించలేదు. అలాంటివాడు ఈ వసంతంలో ఒక సాయంత్రం, టీవీలో ఏదో పాత కేసు తేలిందన్న వార్త చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి లేచాడు. ఇంట్లో ఉన్న సిగరెట్లన్నీ యాష్‌ట్రేతో సహా చెత్తలో పడేశాడు. మర్నాడే వేప్ కొనుక్కున్నాడు. అడిగినవాళ్ళకల్లా డాక్టరు ఊపిరితిత్తుల ఫొటో చూపించి బెదరగొట్టాడని చెప్పాడు. భార్య ఆ డాక్టరుకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

మొదట్లో నరకం చూశాడు పాపం. భోజనం కాగానే వేళ్ళు లైటర్ కోసం జేబులు తడిమేవి. మామిడిపండు వాసన పొగ గొంతుకి జిగటగా అంటుకునేది. "ఏం మన్‌సిక్, పాలసీసా తెచ్చుకున్నావా?" అని తోటివాళ్ళు ఏడిపించేవారు. అయినా పట్టు వదల్లేదు. దీనికి బూడిద లేదు, పీక లేదు. పీల్చుకుని మెడలో వేసుకుంటే అయిపోయింది. అందులో ఆయనకు బాగా నచ్చింది అదే. మళ్ళీ ఒక్క సిగరెట్ ముట్టుకుంటే తన పని అయిపోయినట్టేనని ఆయనకు గట్టి నమ్మకం.

ఓక్‌హీ సమాధి ముందు ఎండుచేప, బేరిపండ్లు పెట్టి, సారా పోసి, మన్‌సిక్‌కి కూడా ఒక కప్పు అందించింది.

"కారు నడపాలమ్మా." ఆయన తన ఫ్లాస్క్ తీసి బార్లీ టీ తాగాడు.

"పోనీ ఈ బియ్యపు రొట్టె అయినా తినండి."

"కడుపు బాగాలేదు."

"ఆ డాక్టరు మిమ్మల్ని బాగానే భయపెట్టాడు అన్నయ్యా," అంది ఓక్‌హీ. ఆ మాటతోనే కళ్ళు తుడుచుకుంది. "ఈయన్ని కూడా ఎవరైనా భయపెట్టి ఉంటే బాగుండేది. వానలో ఆ రాళ్ళ మీద చేపలు పట్టొద్దంటే విన్నారా? ఆ రోజు మీరు ఉల్సాన్ ఊరికి వెళ్ళకుండా వెంట ఉంటే, కాలు జారినా పట్టుకునేవారు."

మన్‌సిక్ తల దించుకున్నాడు. ప్రతి ఏడాదీ ఈ మాట వస్తుంది. ప్రతి ఏడాదీ ఆయన తల దించుకుంటాడు. ఆయనా చంగ్‌బే కలిసి పడవ ఇంజన్ల షాపు పెట్టినవాళ్ళు, అన్నదమ్ముల్లా తిరిగినవాళ్ళు. చంగ్‌బే పోయినప్పుడు హేవొన్ ఇంకా బడికే వెళ్ళడం లేదు.

"వెలిగించండి పెదనాన్నా," అంది హేవొన్ మళ్ళీ.

"నువ్వే వెలిగించరాదూ?"

"నాకు చేతకాదు."

"డాక్టరు ఒక్కటి కూడా వద్దన్నాడమ్మా."

"తాగొద్దు అన్నయ్యా, అంటించి పెట్టండి చాలు," అంది ఓక్‌హీ. "ఏడాదికి ఒక్కసారి. ఆయన ఎదురుచూస్తుంటారు."

ఇంకా కాదంటే బాగుండదు. మన్‌సిక్ సిగరెట్ తీసి, నోటికి దూరంగా వేళ్ళతో పట్టుకుని, లైటర్ మంట దాని కొసకు పెట్టాడు. సముద్రపు గాలికి మంట ఆరిపోయింది. గాలికి వీపు పెట్టి మళ్ళీ ప్రయత్నించాడు. కొస నల్లబడింది తప్ప అంటుకోలేదు.

"నోట్లో పెట్టుకుని లాగితే గానీ అంటుకోదు," అంది హేవొన్ మెల్లగా. "మీకు తెలియనిదా?"

తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఆయన వంకే చూస్తున్నారు. చివరికి సిగరెట్ పెదాల మధ్య పెట్టుకుని, లైటర్ గీసి, లాగాడు.

ఒక్క దమ్ముతో ఆపేద్దామనుకున్నాడు. కానీ ఎన్ని నెలలైందో ఆ రుచి తగిలి. పాడు అలవాటు, ప్రాణం లేచొచ్చినట్టయింది. రెండోది లాగాడు, మూడోది కూడా లాగాడు. అప్పుడు తెలివి తెచ్చుకుని, సిగరెట్టును సమాధి ముందున్న రాతి అంచున పెట్టాడు. పూర్తిగా కాలిపోయేదాకా కదలకూడదనుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఈ గట్టు కుంగిపోతోంది, ఒకసారి చూడండి," అని ఓక్‌హీ వెనకనుంచి పిలిచింది.

వెళ్ళక తప్పలేదు. గట్టు చూసి రెండు ముక్కలు మాట్లాడి వెనక్కి తిరిగేసరికి వాన చినుకులు మొదలయ్యాయి. రాతి మీద సిగరెట్ లేదు. హేవొన్ తొడుగుల చేత్తో సగం కాలిన ముక్కని ఒక కొత్త ప్లాస్టిక్ సంచీలో వేస్తోంది.

"చెత్త నేను పారేస్తాలే, ఇలా ఇవ్వు," అంటూ మన్‌సిక్ గబగబా వచ్చాడు.

"పర్లేదు, నా దగ్గరే ఉండనీండి."

"అది నీకెందుకమ్మా?"

హేవొన్ సంచీ మూసి, లోపలి జేబులో పెట్టుకుని, ఆయన కళ్ళలోకి చూసింది.

"నాన్న చనిపోయినచోట దొరికిన పీక మీది ఉమ్మితో దీన్ని పోల్చి చూస్తారట పోలీసులు, పెదనాన్నా."